మోడెమ్ మర్చిపోయేదాకా

మా వీధిలో మోడెమ్‌ను రౌటర్‌తోనూ, గడియారాల కుర్రాణ్ణి లెక్కల టీచరుతోనూ ఒకే మధ్యాహ్నం కలిపిన ఘనత ఎవరిదంటే, ఇంకెవరిది, నాదే. ఐదో తరగతిని మూడేళ్లపాటు చదివి పునాది గట్టి చేసుకున్నవాణ్ణి. నేను చెయ్యి వేస్తే రాయి కూడా టిక్‌టిక్ అనాల్సిందే. నమ్మకపోతే కథ వినండి.

ఆ కుర్రాడిది గడియారాలు బాగుచేసే దుకాణం. పని తాత దగ్గర నేర్చుకున్నాడు. తాత ఇంకా మూల కుర్చీలో కూర్చునే ఉంటాడు. పని చెయ్యడు, చేసేవాళ్లను చెయ్యనివ్వడు. కుర్రాడి చేతిలో పనితనం ఎంత ఉందో, నోట్లో దానికి రెండింతలుంది. "నాకు రాదు" అన్న మాట వాడి నోట ఎవరూ వినలేదు. మిక్సీ తెచ్చినా, గొడుగు తెచ్చినా "అక్కడ పెట్టి వెళ్లండి" అనేవాడు.

ఎదురింటి రెండో అంతస్తులోకి ఒక లెక్కల టీచరు తల్లితో కలిసి అద్దెకు దిగి రెండు నెలలైంది. అప్పట్నుంచీ వాడి చూపు ఆ కిటికీకి మేకు కొట్టినట్టు ఉండిపోయింది. కాకపోతే కంటికి తగిలించుకున్న భూతద్దం తీయడం మర్చిపోయి చూసేవాడు. దాంట్లోంచి చూస్తే దూరంగా ఉన్నదంతా మసకే. పాపం, ఆమె తల్లిని చూసి రోజంతా మురిసిపోయిన సందర్భాలూ ఉన్నాయి.

ఒకరోజు ఒంటిగంట వేళ, కుండపోతగా వాన కురుస్తుంటే, ఆ అమ్మాయే ఒక అట్టపెట్టెను గుండెలకు హత్తుకుని దుకాణం మెట్లెక్కింది.

"వైఫై రౌటర్ పెట్టడం వచ్చా మీకు?"

"రౌటరా!" అని నవ్వాడు వాడు, చిన్నప్పుడు దాంతోనే ఆడుకున్నట్టు.

"వచ్చా, రాదా?"

"పది నిమిషాల పని."

ఆ పెట్టెలో ఉన్నది గుండ్రంగా ఉంటుందో పలకగా ఉంటుందో కూడా వాడికి అప్పటికి తెలియదు.

"నాలుగింటికి నాకు డెమో క్లాసుంది" అంది ఆమె. "ఆన్‌లైన్ స్కూలు వాళ్లు చూస్తారు. నచ్చితే ఉద్యోగం. లేదంటే నెలాఖరుకు సామాన్లు సర్దుకుని అక్కావాళ్ల ఊరు వెళ్లిపోవాలి, అక్కడేదో స్కూల్లో ఖాళీ ఉందట. ఇంట్లో మోడెమ్ ఉంది. లాప్‌టాప్‌కి వైరు పెడితే నెట్ వస్తుంది. కానీ అది ముందు గదిలో ఉంది, అక్కడ అమ్మ కుట్టుమిషన్ టకటకలాడుతుంటుంది. రేపటికల్లా నలభై యూనిఫారాలు ఇవ్వాలి, ఆపమనలేను. వెనక గదిలో క్లాసు చెప్పాలంటే వైఫై కావాలి. కంపెనీ మనిషేమో రేపు గానీ రాడట."

"వెళ్లిపోవాలి" దగ్గరే కుర్రాడి గుండెలో లోలకం ఒక ఊపు తప్పింది. తరవాత చెప్పింది సగమే విన్నాడు.

"వెళ్లరా" అన్నాడు మూలనుంచి తాత. "వైరుకి రెండు కొసలుంటాయి. ఒకటి ఇటు, ఒకటి అటు. అంతకన్నా అందులో బ్రహ్మవిద్య ఏముంది? ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. నడుస్తున్నదాన్ని ఆపకు."

అది ఆ దుకాణం శాసనం. బాగుచేసిన గడియారాన్ని ఎనిమిది రోజులు గోడకు వేలాడదీసి, ముందుకు పోతోందా వెనక పడుతోందా అని చూస్తారు. మధ్యలో ఎవరైనా ఆపారో, లెక్క మళ్లీ మొదటికి. చిన్నప్పుడు సరదాగా లోలకం పట్టుకున్నందుకు వాడి వేళ్లమీద పడిన దెబ్బ ఇంకా చురుక్కుమంటూనే ఉంటుంది.

వీధి దాటి మెట్లెక్కేసరికి వాడు తడిసి ముద్దయ్యాడు. చొక్కా పిండితే బిందె నిండేది.

"తల తుడుచుకో నాయనా" అని మిషన్ దగ్గర్నుంచే తువ్వాలు విసిరింది తల్లి.

"పర్లేదు ఆంటీ, పది నిమిషాల్లో వెళ్లిపోతాను."

"ఈ కాగితం చదువుతారా?" అంది టీచరు, పెట్టెలోంచి ఒక మడత కాగితం తీసి.

"కాగితం చూసి గడియారం బాగుచేసినవాణ్ణి ఎక్కడైనా చూశారా?"

"మీరు బాగుచేసేది గడియారం కాదు కదా" అని ఆమె కాగితాన్ని తన దగ్గరే పెట్టుకుంది.

రౌటర్ వెనక అయిదు కన్నాలు. నాలుగు పసుపువి వరసగా, ఒకటి నీలంది విడిగా. నలుగురున్న చోటే మర్యాద అనుకుని వాడు మోడెమ్ వైరును పసుపుదాంట్లో దూర్చాడు. దీపాలు వెలిగాయి. ఫోనులో వైఫై గీతలు నిండుగా లేచాయి.

"చూశారా!" అన్నాడు.

ఆమె చూసింది. పేజీ మాత్రం తెరుచుకోలేదు.

"సిగ్నల్ నిండుగా ఉంది, నెట్ లేదు" అంది. "అచ్చం మీ మాటల్లాగే. ఇదిగో, మోడెమ్ వైరు నీలందాంట్లో పెట్టాలట."

"అదే చెయ్యబోతున్నా."

నీలందాంట్లో పెట్టాడు. ఊహూ. వైరు తీసి నేరుగా లాప్‌టాప్‌కు పెడితే నెట్ పరుగెత్తుకొచ్చింది. మళ్లీ రౌటర్‌కు పెడితే అలిగి కూర్చుంది. రెండైంది. మూడైంది. తాతకు ఫోను చేశాడు.

"వైరు అటుది ఇటు, ఇటుది అటు తిప్పి పెట్టరా."

తిప్పాడు.

"ఊదు."

ఊదాడు.

"ఒక్క చుక్క నూనె..."

"ఫోన్ పెట్టెయ్ తాతా!"

మూడుముప్పావు అయింది. ఆమె కాగితం చివరిదాకా చదివి తలెత్తింది.

"అసలు సంగతి ఇక్కడుంది. మోడెమ్ ముందునుంచీ దేనితో మాట్లాడుతుంటే దాన్నే గుర్తుపెట్టుకుంటుందట. మనది లాప్‌టాప్‌కి అలవాటుపడింది, అందుకే కొత్తదాన్ని దగ్గరికి రానివ్వడం లేదు. మోడెమ్‌ని ఆపేసి, కాసేపాగి మళ్లీ పెడితే పాతదాన్ని మర్చిపోతుందట."

"ఆపడమా? వీల్లేదు. నడుస్తున్నదాన్ని ఆపకూడదు."

"ఎవరన్నారు?"

"తాత."

"మీ తాతగారికి మోడెమ్ ఉందా?"

"లేదు. కానీ ఆపాక మళ్లీ రాకపోతే? ఉన్నది కూడా పోతే? అప్పుడు మీరు..." అని ఆగిపోయాడు. వెంట్రుకంత స్ప్రింగును చిటికెలో బిగించే చెయ్యి, వైరును పట్టుకుని వదలడం లేదు.

ఆమె వాడి చేతిని చూసింది, మొహాన్ని చూసింది.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. ఇది మీకు వచ్చా?"

కుట్టుమిషన్ కూడా ఠక్కున ఆగింది, జవాబు వినడానికన్నట్టు.

"రాదండీ" అన్నాడు వాడు. పుట్టాక మొదటిసారి. ఒకటి బయటికొచ్చాక మిగతావి ఆగలేదు. "గొడుగు బాగుచెయ్యడమూ రాదు. పోయిన నెల మీరిచ్చినది విరిచేసి, కొత్తది తెచ్చిచ్చాను."

"తెలుసు. నేనిచ్చింది నల్లది, మీరు తెచ్చింది నీలంది."

వాడు నేలలోకి కుంగిపోదామని చూశాడు గానీ, రెండో అంతస్తు కావడంతో కుదరలేదు.

"ఇప్పుడు ఆపుదామా?" అంది ఆమె మెల్లగా.

మోడెమ్, కుట్టుమిషన్ ఒకే ప్లగ్గుబోర్డు మీద ఉన్నాయి, రెండింటికీ ఒకటే స్విచ్చి. తల్లి లేచి నడుం విరుచుకుంది. "ఆపేయండి. ఈ వంకన నేనూ కాస్త టీ పెట్టుకుంటాను" అంటూ వంటింట్లోకి నడిచింది.

"ఎంతసేపు ఆపాలి?"

ఆమె కాగితం వైపు చూసింది. "అయిదు నిమిషాలట."

స్విచ్చి నొక్కాడు. దీపాలన్నీ ఆరిపోయాయి. ఇంట్లో వాన చప్పుడొక్కటే మిగిలింది.

"రోజూ మా కిటికీ వైపు ఎందుకు చూస్తారు?"

"మీ గోడ గడియారం సరిగ్గా నడుస్తోందో లేదో అని..."

"మా ఇంట్లో గోడ గడియారం లేదు."

వాడు చుట్టూ చూశాడు. నిజంగానే లేదు.

"రెండు నిమిషాలైపోయింది" అంది ఆమె.

"మీరు ఊరెళ్లిపోతే ఆ కిటికీలో పరదా ఒక్కటే మిగులుతుంది. నాకు పరదా మీద ఇష్టం లేదండీ."

"మరి ఎవరి మీద ఉంది? తొందరగా చెప్పండి, క్లాసుకు టైమవుతోంది."

"మీ మీద."

ఆమె వాడి చేతిలోంచి వైరు తీసుకుని, దాని రెండో కొస నీలం కన్నంలో సరిగ్గా కూర్చుందో లేదో ఒకసారి చూసింది. మళ్లీ వాడి చేతికే ఇచ్చింది. ఇచ్చిన చెయ్యి కాసేపు అక్కడే ఉంది.

ముందు మోడెమ్. ఒక్కొక్క దీపమే నిద్రలేచింది. తరవాత రౌటర్. వెనక గదిలో లాప్‌టాప్ తెరిస్తే నెట్ బుద్ధిగా వచ్చి నిలబడింది. మూడూ యాభై ఎనిమిది. తల్లి టీ గ్లాసుతో వచ్చి మిషన్ ముందు కూర్చుంది గానీ, క్లాసు అయ్యేదాకా దాన్ని ముట్టుకోలేదు. తలుపు బయట ఆమె, కుర్రాడు ఇద్దరూ చప్పుడు కాకుండా చేత్తో గుండీలు కుడుతూ భిన్నాల పాఠం మొత్తం విన్నారు.

సాయంత్రం దుకాణంలో చూసుకుంటే, ఆ మడత కాగితం ఎలా వచ్చి చేరిందో, వాడి జేబులో ఉంది. మొదటిసారి చదివాడు. చదివినవాడు చదివినట్టే వీధి దాటి మెట్లెక్కాడు.

"ఇందులో ముప్పై సెకన్లు అనే ఉంది! మీరు అయిదు నిమిషాలని చదివారు."

"లెక్కల టీచర్ని. లెక్క ఊరికే తప్పుతానా?" అంది ఆమె. చెవులు ఎర్రబడుతుంటే మొహం తిప్పుకుంది.

మూడో రోజు ఉద్యోగం వచ్చిందన్న కబురు తెచ్చింది తల్లే. దుకాణం మెట్లమీద నిలబడి కుర్రాణ్ణి ఎగాదిగా చూసింది. "చూడు నాయనా, ఇకమీదట ఆంటీ అంటే పలకను. అత్తయ్యా అను" అని తాత వైపు తిరిగింది. "పెద్దవారు, మీరేమంటారు?"

ఆ పెద్దవాడు ఏమంటాడు? ఆ మూల కుర్చీ నాది, ఆ కుర్రాడు నా మనవడు. మొదట్లో నేను కొట్టిన డప్పు సంగతి మీకిప్పటికే అర్థమై ఉంటుంది. వాడు నా మాట పూర్తిగా విని ఉంటే ఆ అమ్మాయి ఈపాటికి అక్కావాళ్ల ఊళ్లో పాఠాలు చెప్పుకుంటుండేది, రౌటర్‌లోంచి నూనె కారుతుండేది. నేను చేసిన మేలల్లా ఫోను పెట్టెయ్యడమే.

చెప్పినదంతా నిజమే, వాన ఒక్కటే నాది. ప్రేమకథలో వాన లేకపోతే బాగుండదని నేనే కురిపించాను. ఆ రోజు ఎండ పెనంలా మండింది. మావాడు తడిసిన మాట మాత్రం నిజం. అది చెమట.