లిఫ్టు నేనే ఆపాను

లిఫ్టు ఐదో అంతస్తుకీ ఆరో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల ఒకే మనిషి ఉందని గేటు దగ్గరి వాచ్‌మన్ బాబాయ్ చెప్పాడు. నేను మెట్లెక్కి ఆరో అంతస్తుకి పోయి, నా తాళంతో తలుపు జానెడు తెరిచి, కిందికి తొంగిచూశాను.

ఒక అమ్మాయి. చెప్పులు విడిచి, గోడకి వీపు ఆనించి, నేల మీద కూర్చుంది. కళ్ళు మూసుకుంది.

స్పృహ తప్పిందేమో అనుకున్నాను.

"మేడమ్! కంగారు పడకండి. పది నిమిషాల్లో తీసేస్తాను."

ఆమె కళ్ళు తెరవలేదు. "పదేనా?"

"ఐదు నిమిషాల్లో చూస్తాను."

"అయ్యో, అది కాదండీ. గంట పట్టదా?"

నాకు అర్థం కాలేదు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు తిడతారు. ఏడుస్తారు. తలుపు బాదుతారు. ఒకాయన బయటికి రాగానే నా మీద చెప్పు విసిరాడు. గంట పట్టించమని అడిగినవాళ్ళు మాత్రం లేరు.

"గాలి ఆడుతోందా?" అన్నాను.

"ఆడుతోంది. ఫోన్ మోగట్లేదు. మీరు మెల్లగా చేసుకోండి."

పైకి పోయాను. పోయిన ఫ్యూజు మార్చడానికి నాలుగు నిమిషాలు చాలు. ఆ రోజు ఇరవై పట్టింది. ఎందుకింత సేపని సూపర్‌వైజర్ అడిగితే స్క్రూడ్రైవర్ కనపడలేదన్నాను. అది నా చేతిలోనే ఉంది.

అప్పుడు నాకు ముప్పై ఒకటి. తొమ్మిది అంతస్తుల ఆ ఆఫీసు భవనానికి లిఫ్టు మెకానిక్‌ని. డాబా మీద రేకుల కప్పున్న మోటారు గది నా చోటు. పొద్దున ఎక్కితే సాయంత్రం దిగేవాణ్ణి. రోజంతా మోటారు తప్ప నాతో మాట్లాడేది లేదు. మనుషులు వచ్చినా నాకు నోరు రాదు. అందుకని అక్కడందరూ నన్ను మౌనం అనేవాళ్ళు. "మౌనాన్ని పిలవండి, తలుపు గీరుకుంటోంది" అని కేకలు వేసేవాళ్ళు. ఇంట్లో మా అక్క. బట్టలు కుట్టేది. మా ఇంట్లో ఇద్దరి మాటలూ ఆవిడే మాట్లాడేది.

మర్నాడు మధ్యాహ్నం ఆ అమ్మాయి డాబా ఎక్కి వచ్చింది.

"నిన్న లిఫ్టు బాగు చేసింది మీరేనా?"

తలూపాను.

"ఇవాళ కూడా ఆగుతుందా?"

"ఆగదు. నా లిఫ్టు ఆగదు."

"నిన్న ఆగిందిగా!"

"ఫ్యూజు."

ఆ మాట కొంచెం పొగరుగానే అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. వెనక్కి తిరిగింది. ఆ తిరగడం చూస్తే నాకేదోలా అయింది. పనిముట్ల పెట్టె మీద దుమ్ము తుడిచి, "కూర్చోండి" అన్నాను.

అలా మొదలైంది. రోజూ మధ్యాహ్నం అరగంట వచ్చి కూర్చునేది. కొన్నిసార్లు గోడకి తల ఆనించి నిద్రపోయేది. నేను నూనె వేసుకుంటూ నా పని చూసుకునేవాణ్ణి.

ఆమె నాలుగో అంతస్తు ఫోన్ల హాల్లో పని చేసేది. నలభైమంది, నలభై హెడ్‌ఫోన్లు, ఒకరితో ఒకరికి మాటల్లేవు. ఇళ్ళలో వాడే మిషన్లు అమ్మే కంపెనీ అది. మిషన్ చెడిపోయినవాళ్ళు ఫోన్ చేసి తిడతారు. వీళ్ళు పడాలి. కాల్ నాలుగు నిమిషాల్లో ముగించాలి. ప్రతి కాల్లో మూడుసార్లు "క్షమించండి" అనాలి. అనకపోతే వెనక కూర్చుని వినేవాళ్ళు మార్కులు కోస్తారు. ఇదంతా ఒక్క రోజు చెప్పలేదు. రోజుకో ముక్క చెప్పింది.

"మీరు రోజుకి ఎన్ని మాటలు మాట్లాడతారు?" అని అడిగింది ఒకసారి.

"లెక్కపెట్టలేదు."

"ఇవాళ్టికి ఒకటి అయింది."

ఒకసారి ఊరికే కాలు పెట్టెకి తగిలితే పెట్టెకే క్షమించండి అంది. అని, నా వంక చూసి నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఆదివారం అమ్మ ఫోన్ చేసింది" అంది. "ఎత్తి, 'నమస్కారం, మీ ఫిర్యాదు చెప్పండి' అన్నాను. అమ్మ పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తర్వాత రెండు ఆదివారాలు ఎత్తలేదు. మోగుతుంటే దుప్పటి కప్పేశాను. ఫోన్‌కి."

నేను నూనె గుడ్డ కింద పెట్టాను.

"మాటలన్నీ కిందే అయిపోతున్నాయండీ. గదికి వెళ్ళేసరికి నా దగ్గర ఏమీ మిగలట్లేదు. కూరలమ్మి ఏం కావాలమ్మా అంటే నిలబడిపోతున్నాను. ఏం కావాలో తెలియట్లేదు."

నా టీలో సగం ఆమె గ్లాసులో పోశాను. అంతకంటే ఏం చెయ్యాలో నాకు తెలియదు.

ఒక మధ్యాహ్నం పెద్ద వాన. రేకుల మీద వాన చప్పుడికి మోటారు చప్పుడు కూడా వినపడలేదు. ఆమె ఏదో అంది. ఏంటన్నట్టు చూశాను. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచింది.

"ఇంత గోల చేస్తోందా, నన్నొక్క మాట అనట్లేదు చూడండి ఈ వాన!"

నేను నవ్వాను.

"అమ్మయ్య, మీకు పళ్ళున్నాయి!" అంది.

ఆ వేళ కిందికి వెళ్ళిపోతూ తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. నేనేదైనా అంటానేమోనని ఆగిందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదు.

ఇంటి దగ్గర అక్క పట్టేసింది. "ఒరేయ్, డబ్బాలో ఇద్దరికి పెట్టమంటున్నావు. నెల రోజులైంది, నీ పొట్ట అలాగే ఉంది. ఎవరి పొట్టరా పెరుగుతోంది?"

"మోటారుది" అన్నాను.

"మోటారుకి పెరుగు కూడా కావాలా?"

రెండు నెలలు గడిచాయి. ఒక వారం ఆమె నాలుగు రోజులు పైకి రాలేదు. మధ్యాహ్నం విరామం పది నిమిషాలకి తగ్గించారని బాబాయ్ చెప్పాడు. నేను డబ్బాలో సగం తిని, మిగతా సగం మూత పెట్టి వెనక్కి పట్టుకెళ్ళాను. నాలుగు రోజులూ అంతే. ఆ గదిలో ఏడేళ్ళు ఒక్కణ్ణే తిన్నాను. ఒంటరిగా తింటున్నానని తెలిసింది మాత్రం ఆ నాలుగు రోజుల్లోనే.

ఐదో రోజు మూడున్నరకి కింద తలుపుకి నూనె వేస్తున్నాను. బయటికి ఏ పని మీద వెళ్ళొచ్చిందో, ఆమె విసురుగా వచ్చి లిఫ్టు ఎక్కింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. పెదాలు ఊరికే కదులుతున్నాయి. చేతిలో మడిచిన కాగితం. నన్ను చూడనే లేదు.

తలుపు మూసుకుంది. లిఫ్టు పైకి పోతోంది.

నాకు ఒకటే తోచింది. పాపం, ఒక్క ఇరవై నిమిషాలు. ఒక్క ఇరవై నిమిషాలు ఎవరూ పిలవకుండా కూర్చోనీ.

కింద గోడలో ఒక పెట్టె ఉంటుంది. దాని తాళం నా దగ్గరే. తెరిచి మీట దించాను. లిఫ్టు ఏడో అంతస్తు దాటి ఆగింది. నాలుగో అంతస్తు మనిషి అంత పైకి ఎందుకు పోతోందో నేను ఆలోచించలేదు. ఆ మీట దించితే లోపలి గంట కూడా మోగదు. ఎవరైనా వస్తే "రిపేరు, మెట్లెక్కండి" అన్నాను. పెద్ద ఘనకార్యం చేసినట్టు ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

నాలుగుకి ఐదు నిమిషాలుండగా ఒక లావుపాటి పెద్దమనిషి మోకాళ్ళు పట్టుకుని, లిఫ్టుని తిట్టుకుంటూ మెట్లు దిగివచ్చి కారెక్కి వెళ్ళిపోయాడు. నేను మీట ఎత్తాను.

ఆమె కిందికి వచ్చింది. జుట్టు చెదిరింది. వేళ్ళ కణుపులు ఎర్రగా కమిలాయి. తలుపు బాదిందన్నమాట.

"బాబాయ్, మా కంపెనీ పెద్దసారు ఉన్నారా?"

"ఇప్పుడే వెళ్ళారమ్మా. లిఫ్టు లేదని అన్ని మెట్లూ దిగారు."

ఆమె నా వైపు తిరిగింది. "ఎందుకు ఆగింది?"

అబద్ధం నోటికి రాలేదు. "లిఫ్టు నేనే ఆపాను."

"మీరా? ఎందుకు?"

"మీరు అలిసిపోయారని."

"అలిసిపోయానని నేను చెప్పానా? అడిగారా నన్ను? ఆయన ఆరు నెలలకోసారి వస్తాడు! పావు తక్కువ నాలుగు దాకా తొమ్మిదో అంతస్తులో కూర్చుని అందరి మాటా వింటాడు. ఫోన్ల నుంచి తీసెయ్యమని మూడు రోజులు కూర్చుని ఈ కాగితం రాశాను. ఇంకో ఆరు నెలలు ఆ హెడ్‌ఫోన్ పెట్టుకుంటే నేను మనిషిగా మిగులుతానా?"

అంత గట్టిగా ఆమె మాట్లాడగా నేను వినలేదు. ఎవరూ విన్నట్టు లేరు. మెట్ల మీద జనం ఆగిపోయారు.

"ఏదైనా మాట్లాడండి!"

నేను చేతిలోని తాళం వంక చూశాను.

"నన్ను లోపల పెట్టి తలుపు వేసేవాళ్ళు పైన చాలామంది ఉన్నారు" అంది. "మీరు వాళ్ళలో ఒకరు కాదనుకున్నాను."

వెళ్ళిపోయింది.

పెద్దసారు ఎక్కడ దిగాడో బాబాయ్‌ని అడిగి తెలుసుకుని, ఆ గెస్ట్‌హౌస్‌కి నడిచిపోయాను. దారి పొడుగునా ఒకే వాక్యం అప్పజెప్పుకున్నాను. ఆయన మోకాళ్ళకి వేడినీళ్ళ సంచి కట్టుకుని కూర్చున్నాడు.

"ఎవరు నువ్వు?"

"లిఫ్టు."

"లిఫ్టా?"

"లిఫ్టు నేనే ఆపాను సార్."

తర్వాత ఆయన అరిచినవన్నీ ఇక్కడ రాయను. అరిచి అరిచి, కాగితమూ పెన్నూ నా ముందు పడేసి, "ఎందుకు ఆపావో రాసివ్వు" అన్నాడు. ఐదు లైన్లు రాయడానికి నాకు గంట పట్టింది. ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఇది సంజాయిషీనా, సిఫారసా?"

"నాకు తెలీదు సార్."

కాగితం సంచిలో పెట్టుకుని, పొమ్మన్నాడు.

నా ఉద్యోగం పోలేదు. వారం తిరక్కుండా వేరే భవనానికి పంపేశారు. మూడంతస్తుల పాత భవనం. అక్కడ మోటారు గది నేల కింద. కిటికీ లేదు. బయట వాన పడినా, ఎండ కాసినా లోపలికి తెలిసేది కాదు. వచ్చేవాళ్ళు కూడా తక్కువే. మెట్లెక్కి పోయేవాళ్ళు. కొన్ని రోజులు పొద్దున్నించి సాయంత్రం దాకా నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు.

ఆమెని చూడ్డానికి పోలేదు. ఏ మొహం పెట్టుకుని పోను?

"డబ్బా ఒకరికే పెట్టు" అన్నాను ఇంట్లో. అక్క ఏమీ అడగలేదు. అక్క అడగని రోజు నా ఎరుకలో అదొక్కటే.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం. అక్క కుట్టు మిషన్‌కి నూనె వేస్తున్నాను. గుమ్మంలో ఎవరో నిలబడ్డారు.

"రామ్మా, కొలతలకా?" అంది అక్క.

"కాదండీ. మౌనంగారి ఇల్లు ఇదేనని ఆఫీసు గేటు దగ్గరి బాబాయ్ చెప్పాడు. ఉన్నారా?"

"మౌనంగారా! ఒరేయ్, నీకు గారు తగిలించారురా!"

నేను లేవబోయి నూనె డబ్బా తన్నేశాను. ఆమె లోపలికి వచ్చి, కిందపడిన డబ్బా నిలబెట్టి, కుర్చీలో కూర్చుంది. కాస్త ఒళ్ళు చేసింది. కళ్ళ కింద నలుపు పోలేదు కానీ తగ్గింది.

"నెల రోజుల సెలవిచ్చి, ఫైళ్ళ గదికి మార్చారు" అంది. "పెద్దసారే పిలిపించి నా కాగితం అడిగి తీసుకున్నారు. ఎందుకు పిలిచారో అర్థం కాలేదు. మొన్న ఒక కాగితాల కట్ట వచ్చింది, ఫైళ్ళలో సర్దమని. అందులో మీ కాగితం ఉంది."

అక్క కత్తెర కింద పెట్టింది. "వీడు రాశాడా? ఏమని?"

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, పద్యం అప్పజెప్పినట్టు చెప్పింది.

"'లిఫ్టు చెడిపోలేదు. నేనే ఆపాను. ఆ అమ్మాయి అలిసిపోయింది, కూర్చుంటుందనుకున్నాను. అడక్కుండా ఆపడం నా తప్పు. నన్ను తీసెయ్యండి, ఆమె మాట వినండి.'"

అక్క తలెత్తి నా వంక చూసింది. నేను నూనె చేతులు గుడ్డకి తుడుచుకున్నాను.

"కాగితం తెచ్చేశారా?" అన్నాను చివరికి.

"ఆఫీసు కాగితం ఎలా తెస్తాను? లిఫ్టు మరమ్మతుల ఫైలులో పెట్టాను. నోటికి వచ్చాకే పెట్టాను." కోపంగా చూసింది. "నాతో చెప్పొచ్చుగా!"

"చెప్పలేకపోయాను."

"తప్పు మాత్రం తప్పే."

"తప్పే."

"నాకేం కావాలో నన్ను అడగాలి."

"అడుగుతాను."

"ఎప్పుడు?"

అక్క నా వీపు మీద ఒక్కటి చరిచింది. "ఇప్పుడురా, మొద్దూ!"

"మీకు ఏం కావాలి?" అన్నాను.

ఆమె చాలాసేపు ఆలోచించింది. నేను తొందరపెట్టలేదు.

"కాసేపు ఇక్కడ కూర్చోవాలి" అంది. "మీరు మాట్లాడుతుంటే వినాలి."

"నేనా?"

"ఇక్కడే ముసలిదానివైపోతావమ్మా" అని అక్క టీ పెట్టడానికి లేచింది.

మాట్లాడాను. పాత లిఫ్టు గురించి చెప్పాను. నేల కింది గదిలో వాన వినపడదని చెప్పాను. డబ్బా ఒకరికే పెట్టమన్నానని, అదీ మిగిలిపోతోందని చెప్పాను. మీరు లేకపోతే బాగోలేదని చెప్పాను. అక్కడితో ఆగితే మళ్ళీ నోరు రాదని భయమేసి, అదే ఊపులో అడిగేశాను.

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

వంటింట్లో గ్లాసు కిందపడింది.

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "ఇప్పుడు దేనికీ అవునని గానీ కాదని గానీ చెప్పే ఓపిక నాలో లేదండీ. అబద్ధమెందుకు. ఓపిక వచ్చాక చెప్తాను. ఎన్నాళ్ళని అడక్కండి."

అడగలేదు. ప్రతి ఆదివారం వచ్చేది. కొన్ని ఆదివారాలు గలగలా మాట్లాడేది. కొన్ని ఆదివారాలు చాప మీద పడుకుని సాయంత్రం దాకా నిద్రపోయేది. ఒకసారి మూడు వారాలు రాలేదు. నేను గుమ్మంలో కూర్చున్నాను. "వెళ్ళి చూసి రారా" అని అక్క పోరింది. "రావాలనిపిస్తే వస్తుంది" అన్నాను. నాలుగో వారం వచ్చింది.

పదకొండు నెలలు అలా గడిచాయి. ఒక ఆదివారం వాన జోరున కురుస్తోంది. ఆమె గుమ్మంలో గొడుగు ముడుస్తూనే, "సరే" అంది.

"ఏంటమ్మా సరే?" అంది అక్క.

నేను లేచి నిలబడ్డాను.