సిమెంట్ పట్టు

ఆరోజు మధ్యాహ్నం ల్యాబ్‌లో మేమిద్దరమే ఉన్నాం. నేనూ, మా సీనియర్ చక్రపాణి గారూ. బయట తూర్పు వాషింగ్టన్ రాష్ట్రపు ఎడారి గాలి ఇసుకతో రేకు గోడల్ని గీరుతోంది. బల్ల మీద పాత అణు వ్యర్థాలు కలిపి పోసిన సిమెంట్ దిమ్మ.

సిమెంట్ యురేనియాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది. కానీ వ్యర్థాల్లో బట్టో, కాగితమో, చెక్కో ఉంటే, అది లోపల కుళ్లి ఆమ్లమై ఆ పట్టు వదిలిస్తుంది. ఈ దిమ్మ అనుకున్నదానికన్నా ఎక్కువగా లీక్ అవుతోంది. అందుకే డ్రిల్ చేసి చూస్తున్నాం.

కొంత లోతుకి వెళ్లాక డ్రిల్ చప్పుడు మారింది. మెత్తగా... తడిగా. మాస్క్ ఉన్నా వాసన తగిలింది. చెమట పట్టిన మనిషి పక్కనే నిలబడ్డట్టు.

డ్రిల్ బయటికి తీశాం. జానెడు వెడల్పు కన్నం అడుగున నల్లటి గుడ్డ కొస కనిపించింది.

"కాటన్ గ్లవ్ లాగుంది రేణూ. లీక్‌కి కారణం ఇదే," అన్నారాయన.

పట్టకారుతో లాగబోయారు. పట్టకారు చేతిలోంచి జారి లోపలికి పోయింది. దాన్ని అందుకోవాలని చటుక్కున చెయ్యి పెట్టేశారు.

"రేణూ..." గొంతు గుసగుసలోకి దిగిపోయింది. "పట్టుకుంది."

"ఏంటండీ?"

"వేళ్లు..."

ఒక్క ఊపున చెయ్యి మోచేతి దాకా లోపలికి పోయింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. ఆయన మొహం దిమ్మకి గుద్దుకుంది. మాస్క్ పగిలింది. పళ్లు రాలాయి. నడుం పట్టుకుని లాగాను. లోపల్నుంచి ఎదురు లాగారు. ఒకరు కాదు... చాలామంది.

భుజం కీలు ఊడింది. ఆయన అరుపు ఆగిపోయింది. కన్నం అంచున రక్తం పొంగింది.

సుత్తి తీసుకుని దిమ్మని కొట్టాను. పెచ్చులు ఎగిరాయి. మళ్లీ కొట్టాను... ఒక దెబ్బ తప్పి ఆయన మోచేతి మీద పడింది. ఏదో చిరిగింది. ఇద్దరం వెనక్కి పడ్డాం.

మోచేతి కింద చెయ్యి లేదు.

తర్వాత ల్యాబ్ వాళ్లు దిమ్మ మొత్తం పగలగొట్టారు. చెయ్యి లేదు, గుడ్డ లేదు, పట్టకారు లేదు. గట్టి సిమెంట్, అంతే.

మొన్న హాస్పిటల్‌కి వెళ్లాను. ఆయన భార్య నళిని గారు కాఫీకి బయటికి వెళ్లగానే, చక్రపాణి గారు నన్ను దగ్గరికి రమ్మన్నారు.

"పోయిన చెయ్యి ఇంకా ఉన్నట్టే తెలుస్తుంది. డాక్టర్ మామూలే అంటున్నాడు."

"నొప్పిగా ఉందా అండీ?"

తల అడ్డంగా ఊపారు. "చల్లటి చేతులు రేణూ. ఒకళ్లు పట్టుకుంటారు... కాసేపు తడుముతారు... పక్కవాళ్లకి అందిస్తారు."

దుప్పటి ఆయన భుజం దాకా లాగాను.

"ఇప్పుడు పట్టుకున్న చెయ్యి మాత్రం..." ఆయన తలుపు వైపు చూశారు. "వెచ్చగా ఉంది. గాజులు తగులుతున్నాయి."