జెనోన్ తాతగారి సెల్ఫ్ చెకౌట్ పరీక్ష

"ముప్పై తొమ్మిది సెకన్లు! అక్కా, కొత్త రికార్డు!"

తిమోన్ అరుపుకి సూపర్ మార్కెట్‌లో సగం మంది వెనక్కి తిరిగి చూశారు. కలీనా పట్టించుకోలేదు. గాల్లోకి ఒక్క గెంతు గెంతింది.

పాలు, గుడ్లు, పిండి, వెన్న, ఆరు బన్నులు. అన్నీ ముప్పై తొమ్మిది సెకన్లలో బిల్లయ్యి సంచిలో పడ్డాయి. సరుకులు మనమే స్కాన్ చేసి డబ్బు కట్టే సెల్ఫ్ చెకౌట్ మెషిన్ అంటే పదకొండేళ్ల కలీనాకు పెద్ద ఆట. ఎనిమిదేళ్ల తమ్ముడు తిమోన్ స్టాప్‌వాచ్ పట్టుకుంటాడు.

అది శనివారం సాయంత్రం. రేపు ఆదివారం, షాపులన్నీ మూత. అందుకే తోరున్ ఊరంతా ఇక్కడే ఉన్నట్టుంది.

పక్క మెషిన్ దగ్గర ఎవరో కదలకుండా నిలబడ్డారు. కలీనా తొంగి చూసింది. వాళ్ల బిల్డింగులో మూడో అంతస్తులో ఉండే జెనోన్ తాతగారు!

ఆయన చేతిలో బన్నుల కవరు ఉంది. విడి బన్నుల మీద స్కాన్ చేయడానికి కోడ్ ఉండదు. తెర మీద బొమ్మ వెతికి, ఎన్ని ఉన్నాయో నొక్కాలి. తాతగారి వేలు తెర దాకా వెళ్లింది. ఆగింది. మళ్లీ వెళ్లింది.

'అయ్యో, పాపం!' అనుకుంది కలీనా.

"నేను చేస్తా తాతగారూ!"

"అమ్మాయ్, ఆగాగు, నేనే..."

అప్పటికే కవరు కలీనా చేతిలో ఉంది. టక్, టక్, బన్ను బొమ్మ. టక్, నాలుగు. బీప్, వెన్న. బీప్, ఊరగాయ దోసకాయల సీసా. "కార్డు ఇక్కడ పెట్టండి!" తాతగారు కంగారుగా కార్డు పెట్టారు. రసీదు బయటికొచ్చింది. కలీనా దాన్ని లాగి, ఆయన చెయ్యి పట్టుకుని గేటు దాకా తీసుకెళ్లింది. రసీదు చూపిస్తేనే ఆ గాజు గేటు తెరుచుకుంటుంది. అదీ తనే చూపించింది.

"నలభై నాలుగు!" అన్నాడు తిమోన్.

"చూశారా తాతగారూ! ఎంత తేలికో!"

తాతగారు నవ్వలేదు. గేటు అవతలికి చూస్తున్నారు. అక్కడ ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"అయిపోయిందిగా తమ్ముడూ!" అందావిడ. "మూడు వారాలు నేర్చుకున్నానన్నావు. చివరికి చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని బయటికొచ్చావు!"

"బ్రోన్యా అక్కా, నేను చేస్తూనే ఉన్నాను..."

"నేనిక్కడ నిలబడి అంతా చూశాను. పందెం పందెమే. సోమవారం నుంచి నీ సరుకులు నేనే తెస్తాను. నువ్వు హాయిగా ఇంట్లో కూర్చో."

కలీనాకు ఏమీ అర్థం కాలేదు. "పందెం ఏంటి తాతగారూ?"

ఆయన నెమ్మదిగా చెప్పారు. సాయంత్రం పూట మనుషులుండే కౌంటర్లు మూసేస్తున్నారు. పోయిన నెల ఆయన రసీదు పారేసి, గేటు ఇవతల అరగంట ఇరుక్కుపోయారు. చివరికి అక్క వచ్చి విడిపించింది. ఆ రోజు నుంచీ ఒకటే పోరు, ఇక షాపుకి వెళ్లొద్దని. ఈ రోజు ఎవరి సాయం లేకుండా బయటికొస్తే ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తనంది.

"రోజూ ఇలా నడిచొస్తాను. దార్లో నలుగురూ పలకరిస్తారు. నాకున్నదే ఈ ఒక్క షికారు అమ్మాయ్," అన్నారాయన.

కలీనా చెవులు ఎర్రబడ్డాయి. ఆయన ఆగాగు అన్నారు. తను విన్నది. విని కూడా ఆగలేదు.

కలీనా పరుగున బ్రోన్యా బామ్మ ఎదుటికెళ్లి నిలబడింది.

"బామ్మగారూ, తాతగారు నన్ను పిలవలేదు. వద్దన్నారు కూడా. నేనే లాక్కున్నాను. ఇది లెక్కలోకి రాదు!"

"ఓహో! లాయరుగారు దొరికారే నీకు, జెనోన్!"

"ఇంకొక్క ఛాన్సివ్వండి. ప్లీజ్!"

అప్పుడే మైకులో వినిపించింది. "కస్టమర్లకు మనవి. ఇంకో పదిహేను నిమిషాల్లో షాపు మూసేస్తున్నాం."

బ్రోన్యా బామ్మ టోపీ సర్దుకుంది. "ఆవముద్ద సీసా మర్చిపోయాడు ఎలాగూ. నాలుగు యాపిళ్లు కూడా తెమ్మను. పిల్లా, నువ్వు వేలు పెట్టావో, పందెం నాదే!"

సంచులన్నీ ఆవిడ దగ్గర పెట్టి, తాతగారు లోపలికి పరుగు లాంటి నడక నడిచారు. వెనకాలే కలీనా, తిమోన్.

ఆరు నిమిషాలు మిగిలుండగా ఆయన మెషిన్ ముందుకొచ్చారు. చేతి తొడుగులు తీసి పక్కన పెట్టారు. ఆవముద్ద సీసా తిప్పారు. బీప్! యాపిళ్లు. బొమ్మలు ఒక పేజీ, రెండో పేజీ, మూడో పేజీ... దొరికాయి!

అంతలో మెషిన్ పైన ఎర్ర దీపం వెలిగింది. "తెలియని వస్తువు ఉంది. దయచేసి తీసేయండి."

"ఏ వస్తువు?" అన్నారు తాతగారు.

కలీనాకు ఒక్క చూపులో తెలిసిపోయింది. చేతి తొడుగులు! ఆయన వాటిని స్కాన్ చేసిన సామాను బరువు చూసే పళ్లెం మీద పెట్టారు. చెప్పాలని నాలుక దురద పెట్టింది. పెదవులు గట్టిగా బిగించింది.

"అక్కా, ఆ తొ..." తిమోన్ నోరు తెరిచాడు. కలీనా అరచేత్తో ఆ నోరు మూసేసింది.

వెనక క్యూలో ఒక లావుపాటాయన విసుక్కున్నాడు. "ఏంటండీ ఇది, తెల్లారుస్తారా? అదిగో అక్కడ..." అంటూ చెయ్యి చాచబోయాడు.

కలీనా చటుక్కున మధ్యలోకి దూరింది. రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడింది.

"అంకుల్, ముట్టుకోకండి! చెప్పకండి! ఆయన చేసుకుంటారు!"

"షాపు మూసేస్తున్నారు పాపా!"

"ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. అదిగో, ఆ చివరి మెషిన్ ఖాళీ అయింది. తొందరగా వెళ్లండి!"

ఆయన గొణుక్కుంటూ అటు వెళ్లాడు.

తాతగారు తెర చూశారు. సీసా చూశారు. యాపిళ్లు చూశారు. కళ్లజోడు సర్దుకుని పళ్లెం మీదికి వంగారు.

"ఓరి నీ! నా తొడుగులకి కూడా డబ్బు కట్టమంటున్నావా? ఇవి మా ఆవిడ అల్లినవిరా!"

వాటిని లాగి జేబులో కుక్కుకున్నారు. పచ్చ దీపం! కార్డు. బీప్! రసీదు. దాన్ని రెండు వేళ్లతో జాగ్రత్తగా పట్టుకుని గేటు దగ్గరికి నడిచారు. చూపించారు. ఒక్క క్షణం ఏమీ జరగలేదు.

గేటు తెరుచుకుంది.

"గెలిచారు!" తిమోన్ కేక పెట్టాడు. కలీనా వాణ్ణి ఎత్తి గిరగిరా తిప్పింది.

బ్రోన్యా బామ్మ తమ్ముణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. పెదవి చివర నవ్వు ఆపుకోలేకపోయింది.

"సరేలే. సోమవారం నాక్కూడా ఒక వెన్న పాకెట్ తెచ్చిపెట్టు."

"చీటీ రాసివ్వు. మర్చిపోతే మళ్లీ నన్నే తిడతావు!"

బయట మంచు పడుతోంది. తాతగారి చేతిలో రెండు సంచులు, సీసాలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తున్నాయి. కలీనా గబుక్కున చెయ్యి చాచింది. మధ్యలోనే ఆపేసింది.

"తాతగారూ, నేను పట్టుకోనా?"

జెనోన్ తాతగారు రెండు సంచుల్లోకీ తొంగి చూశారు.

"యాపిళ్ల సంచి నువ్వు పట్టుకో," అన్నారు. "సీసాలు నేను పట్టుకుంటాను."