ఒక్క నిమిషం గౌరవం

వకుళ ఉదయం ఎనిమిదింటి నుంచీ ఒక పాత ధ్వనిలోంచి మనుషుల్ని ఏరిపారేస్తోంది.

ఉద్యోగం అదే మరి. స్మృతి మండలి మూడో అంతస్తులో ఆమె ధ్వనిశోధకురాలు. పాత ధ్వని తెర మీద పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. ఒక్కో పొరకూ మండలి యంత్రం సమదర్శి ముందే పేరు పెట్టి ఉంచుతుంది: నీరు, ఇనుము, గాలి, ఆజ్ఞ, రొద. ఆజ్ఞను ఉంచాలి. నీటిని కాస్త ఉంచాలి, వినేవాళ్ళ ఒళ్ళు జలదరించేటంత. మిగిలినవి తీసెయ్యాలి. సమదర్శి పొరబడిందనిపిస్తే పొర పేరు మార్చే అధికారం శోధకురాలికి ఉంది. పదకొండేళ్ళ సర్వీసులో వకుళ ఆ అధికారాన్ని రెండుసార్లు వాడింది, రెండుసార్లూ కుక్క అరుపుల విషయంలోనే.

ఇవాళ్టి ధ్వని నలభై ఆరేళ్ళ నాటిది. సముద్రం కడలికట్ట మీదికి ఎక్కిన రోజున, తూముల గదిలో నమోదైంది. ఆ తేదీనే మండలి ఈ మధ్యాహ్నం పన్నెండింటికి స్త్రీచరిత్ర దినంగా ప్రకటించబోతోంది. ఈ తేదీ ఎందుకంటే, ఏటా కట్ట మరమ్మతు సెలవుల్లో పడుతుంది. ఆడవాళ్ళను గౌరవించినా ఎవరి పనీ చెడదు.

చట్టం ప్రకారం సత్కారం పొందే ఒక్కో స్త్రీకి ఒక్కో స్తంభన నిమిషం. ఆ నిమిషంలో నీటిపంపులు, ఆస్పత్రులు తప్ప నగరమంతా ఆగిపోతుంది. జనం నిలబడి తల వంచాలి. కదిలినవాళ్ళ చేతికడియం అక్కడికక్కడే అగౌరవం కింద కేసు రాస్తుంది. ఆ నిబంధనను అధ్యక్షుడు చిదానందం స్వహస్తాలతో రాశాడు. ఆయన రాసేవన్నిటిలాగే దాన్నీ ఎవరూ చదవకుండానే చప్పట్లు కొట్టి ఆమోదించారు.

ఎంతమంది స్త్రీలను గౌరవించాలన్న దాని మీద నాలుగు సమావేశాలు జరిగాయి. ముగ్గురంటే మూడు నిమిషాలు, నగరం తట్టుకోలేదన్నారు. చివరికి ఒక్కరు చాలన్నారు. ఆ ఒక్కరూ ఎవరని తన్నుకున్నారు. ఎవరి మేనత్తను వాళ్ళు ముందుకు తోశారు. ఆ గొడవ పడలేక సమదర్శి అందుబాటులో ఉన్న ఆడముఖాలన్నిటికీ సగటు తీసి ఒకావిడను తయారుచేసింది. పేరు కడలితల్లి. ఆవిడ పుట్టనే లేదు కాబట్టి ఎవరికీ చుట్టం కాదు, ఎవరికీ అభ్యంతరమూ లేదు. సభ్యులు హాయిగా భోజనాలకు లేచారు.

తొమ్మిదిన్నరకు చిదానందం గదిలోకి వచ్చాడు. వెనకాలే ఒక ముసలావిడ.

“అయిందామ్మా వకుళా? ఆజ్ఞలిచ్చే తూముల సూపర్వైజరు గొంతు ఖంగుమనాలి. వెనకాల ఆడంగుల గోల వినపడకూడదు.”

“ఇవాళ ఆడవాళ్ళ దినం కదా సార్.”

“అందుకేనమ్మా, గంభీరంగా ఉండాలి. అర్థంలేని అరుపులని సమదర్శే చెబుతుంటే మధ్యలో మనకెందుకు? పన్నెండింటికి ముద్ర పడగానే అసలు ధ్వని జాడ లేకుండా కరిగింపుకు పోతుంది, పీడా పోతుంది.” గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. “అన్నట్టు, కట్ట లోపలివైపు క్వార్టరుకు నీ దరఖాస్తు నా బల్ల మీదే ఉంది. సాయంత్రం సంతకం పెడతాను. ఈవిడ పేరు అప్పలనర్స, పాత తూముల మనిషి. వేదిక మీద నాకు పువ్వు ఇవ్వాలి. అందాకా ఇక్కడ కూర్చోబెట్టు.”

వకుళ కట్టకు బయట ఉంటుంది. పోటు వచ్చిన రోజున ఆమె వంటింట్లో నీళ్ళు చీలమండల దాకా నిలుస్తాయి. ఆ సంతకం కోసం ఆరేళ్ళుగా ఎదురుచూస్తోంది. అందుకే ముసలావిడకు కుర్చీ చూపించి పనిలో పడింది. రొద పొర మీద వేలు పెట్టి విన్నది, తుడిచింది. మళ్ళీ విన్నది, తుడిచింది.

“ఏటమ్మీ తుడిసేత్తన్నావు?” అంది అప్పలనర్స.

“రొద అమ్మమ్మా. అర్థం లేనిదట.”

“అర్దం నేదని ఎవుడు సెప్పినాడు? ఏదీ, మరోపాలి ఎట్టు.”

వకుళ పెట్టింది. నీటి హోరులో ఎవరో ఆడమనిషి గట్టిగా అరిచింది. కాసేపటికి ఇంకొకతె. ముసలావిడ కళ్ళు మూసుకుంది.

“అది పైడమ్మ. ఇది సన్నెమ్మ. ఈ గొంతు బోడమ్మది, దాని పేరు దానికే సిగ్గు, అందుకే అంత సిన్నగా సెప్తాది. పేర్లమ్మా ఇయ్యి! ఆ సీకటి గదిలో, ఆ నీటి హోరులో మనిసికి మనిసి అవుపడదు. తూము మూసే సక్రం కాడికి కొత్తగా వచ్చినది సెయ్యేసి పేరు సెప్పాల. పేరు ఇనపడితేనే ముందున్నది సెయ్యి తియ్యాల. నేకపోతే సక్రం ఎనక్కి తిరిగి తలుపు లేసిపోద్ది.”

వకుళ ధ్వనిని ముందుకు నడిపింది. చివర్లో ఒక గొంతు వచ్చింది. ఆ తరవాత నీళ్ళ చప్పుడే.

“కొండమ్మ. మా యప్ప, నా తోడబుట్టినది,” అంది అప్పలనర్స. “దాని తరవాత నాను సెప్పాల. ఆ రోజే పన్లోకి ఎల్లినాను. నిచ్చిన దిగతన్నాను, ఇంకా నాలుగు మెట్లున్నాయి. అంతలో గోడ ఇరిగి నన్ను పక్కకి తోసేసింది. పేరు ఇనపడనేదని అది సెయ్యి తియ్యనేదు. మూడోనాడు దొరికింది, సక్రం పట్టుకునే ఉంది.”

వకుళకు ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. చిదానందం మీద కాదు, ఆయన మీద అది ఎప్పుడూ ఉన్నదే. పదకొండేళ్ళుగా తాను రొద అని తుడిచేసిన వాళ్ళెవరో, ఎంతమందో అనుకునేసరికి తన వేళ్ళు చూసుకోవడానికే రోత పుట్టింది. గోడ గడియారంలో పదకొండూ యాభై అయింది. ఇంకో పది నిమిషాలకు కొండమ్మ కరిగింపుకు పోతుంది. తనకు పొడిగా ఉండే వంటిల్లు వస్తుంది.

తుడిచిన పొరను వెనక్కి తెచ్చింది. రొద అన్న పేరు కొట్టేసి వాక్కు అని రాసింది.

సమదర్శికి మానమూ లేదు, అవమానమూ లేదు. వాక్కు అనగానే విధేయంగా విన్నది. పేర్లు విడదీసింది. ప్రతి పేరుకూ తేదీ ఉంది, స్థలం ఉంది, స్వయంగా చెప్పిన రుజువు ఉంది. తెర మీద అక్షరాలు వెలిగాయి: ధ్రువపడిన స్త్రీలు 214. కడలితల్లికి రుజువు లేనందున తొలగింపు. శోధకురాలి వేలిముద్ర కావాలి.

వకుళ వేలు నొక్కింది.

పన్నెండింటికి చిదానందం వేదిక మీద స్త్రీ గొప్పతనం గురించి తనకు తెలిసినదంతా రెండు వాక్యాల్లో చెప్పి ముగించాడు. అప్పలనర్స చేతి పువ్వు అందుకుని, భక్తిగా తల వంచాడు. పక్క బల్ల దగ్గర వకుళ నిలబడి ఉంది. నగరం ఆగింది. చౌరస్తాల్లో ఉన్న మైకు గొట్టాలన్నిటిలోంచి ఒక ఆడగొంతు తన పేరు తాను అరిచి చెప్పింది: పైడమ్మ. నిమిషం గడిచింది. రెండో గొంతు: సన్నెమ్మ.

తల ఎత్తకుండానే చిదానందం కళ్ళు పక్కకు తిప్పాడు. “ఏమిటిది? ఎంతమంది?”

“రెండువందల పద్నాలుగు, సార్.”

“ఆపవే!”

“ఆపాలంటే కదలాలి సార్. నిబంధన మీరే రాశారు.”

డెబ్బై దాటినవాళ్ళు కూర్చోవచ్చని అదే నిబంధనలో ఉంది. చిదానందానికి డెబ్బై ఒకటి. కానీ పదవి పోకుండా కాగితాల్లో అరవై రెండు దగ్గరే ఆపించుకున్నాడు. కాబట్టి ఎండలో, చేతిలో పువ్వుతో, వంచిన తలతో నిలబడ్డాడు. ఆయన వెనక మండలి సభ్యులంతా నిలబడ్డారు. ఏ నగరం ముగ్గురు ఆడవాళ్ళను తట్టుకోలేదన్నారో ఆ నగరం గంట నిలబడింది, రెండు గంటలు నిలబడింది. ఒక్క అప్పలనర్స మాత్రం కుర్చీలో కూర్చుని, ఒక్కో పేరుకూ తల ఊపుతూ, ఎవరు వచ్చారో చూసుకుంటున్నట్టు విన్నది.

మూడున్నర దాటాక ఆఖరి గొంతు వచ్చింది. కొండమ్మ. దాని వెనక నీళ్ళ చప్పుడు.

చిదానందం ఓరకంట గడియారం చూసుకున్నాడు. ఇంకొక్క నిమిషం, అంతే. అప్పలనర్స కుర్చీలోంచి లేచింది. ఆమె కడియం ఎర్రగా వెలిగింది. ఆమె దాన్ని చూడనే లేదు. రెండు చేతులూ ముందుకు చాచి, అక్కడ లేని చక్రాన్ని పట్టుకుంది.

“అప్పలనర్స!” అని అరిచింది. “వచ్చేసినాను అప్పా. సెయ్యి తీసెయ్యి.”

సమదర్శి విన్నది. తేదీ ఉంది, స్థలం ఉంది, స్వయంగా చెప్పిన రుజువు ఉంది. ఆమె కడియం మీది ఎరుపు ఆరిపోయింది. బల్ల మీది తెరపై 214 చెరిగి 215 అయింది.

వకుళ ఆ అంకె చూసింది. బల్ల దగ్గర్నుంచి వచ్చి, అప్పలనర్స చేతుల పక్కన తన చేతులు పెట్టి, గట్టిగా తన పేరు చెప్పింది. జనంలో తూముల పనివాళ్ళు నిలబడిన వైపు ఎవరో ఆడమనిషి, తన వంతు వచ్చినట్టు గొంతు సవరించుకుంది.