ఎరుపెక్కని నీళ్ళు

అద్దకం కాగులోంచి తీసిన గుడ్డ ఈసారి కూడా ఎరుపెక్కక ఇటుకపొడి రంగులోనే వచ్చింది. అద్దకం షెడ్డు నడిపే నాంచారమ్మ దాన్ని తెచ్చి నీళ్ళ ఇంజనీరు ప్రహ్లాద్ ముందు బల్ల మీద పడేసింది. నీటిని పరీక్షించే గోడ మీది యంత్రం, నీటికన్ను, మాత్రం పచ్చగా వెలుగుతూ "నీరు నిర్మలం" అంటోంది. పెడనలో మూడేళ్ళుగా అది చెప్పిందే వేదం.

మూడేళ్ళ కిందట ఊళ్ళోకి బోలుపోగులు వచ్చాయి. వెంట్రుకంత సన్నటి గొట్టాలు, వాటి గోడల నిండా కంటికి ఆనని రంధ్రాలు. కాలువ నీరైనా, బావి నీరైనా వాటిలోంచే రావాలి. వడకట్టని నీళ్ళు వాడితే నేరం. రోగాలు తగ్గిన మాట నిజమే. కానీ అద్దకం కాగుల్లోకి కూడా ఆ నీళ్ళే పట్టించేముందు ఒక్కడంటే ఒక్కడు వచ్చి అడిగిన పాపాన పోలేదు.

"నీళ్ళలో లోపం లేదమ్మా. పురుగుమందులు, విషాలు, సున్నం, అన్నీ పోగుల్లోనే ఆగిపోతాయి," అన్నాడు ప్రహ్లాద్.

"సున్నమంటే? మా బావి నీళ్ళు కాగితే కాగు అంచున తెల్లగా పేరుకునేది, అదేనా?"

"అదే. అక్కర్లేనిది కదా."

"ఎవరికక్కర్లేదయ్యా?"

ప్రహ్లాద్ గుడ్డను వేళ్ళతో నలిపి చూశాడు. "మీ చిరివేరు రంగు గుడ్డకి ఎర్రగా పట్టాలంటే అది కావాలేమో. మా పరీక్షల్లో రంగు సంగతి లేదండీ. దరఖాస్తు పెట్టండి, మీ షెడ్డు వరకు సున్నం మళ్ళీ కలిపిస్తాం."

నాంచారమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఎరుపు చెడితే కాగు దగ్గర నిలబడ్డ మనిషి చెయ్యి చెడిందనుకోవడం అద్దకంలో ఆనవాయితీ. పోగులు వచ్చాక ఎరుపు మొదటిసారి చెడినప్పుడు కాగు దగ్గరున్నది ఆమె తోటికోడలు తిరపతమ్మ. పదిమందిలో ఆమె చేతిలోంచి కాగు కలిపే కర్ర లాక్కుని, "నీ చెయ్యి పోయిందే, ఇంకెళ్ళు," అన్నది నాంచారమ్మే.

"నీళ్ళల్లో సున్నం కలుపుతావు సరే. నేనన్న మాట ఎట్టా వెనక్కి తెస్తావయ్యా?" అని అరిచింది.

ఆమె షెడ్డులోని ఆ కర్ర తీసుకుని తిన్నగా తిరపతమ్మ ఇంటికి నడిచింది.

"తప్పు నీ చేతిది కాదే తిరపతా. ఆ దిక్కుమాలిన పోగులది, నాది. రా, కాగు పెడదాం."

తిరపతమ్మ కర్ర వంక ఆశగా చూసింది. చెయ్యి సగం చాచి వెనక్కి తీసుకుంది.

"వద్దక్కా. నా చెయ్యి మంచిది కాదు. మొన్న మా పిల్ల పెళ్ళికి పసుపు కూడా నేను కలపలేదు."