అండమాన్ ఫైల్‌లో సుత్తి చప్పుడు

టీ గ్లాసును హేమసుందర్ రెండుసార్లు వాసన చూశాడు. బెజవాడ ఆటోనగర్ టీలో విషం కలిపినా రుచిలో పెద్ద తేడా తెలియదని అతని అనుమానం.

“చందువా చేపలు దొరుకుతాయా?” పక్క బల్ల మీది ముసలాయన అడిగాడు.

“అమావాస్య వెళ్ళాక.”

కోడ్ సరిపోయింది. ఆ ముసలాయన గూఢచారి శాఖలో అతని చీఫ్. డిపార్ట్‌మెంట్‌లో అందరూ పెద్దబ్బాయి అంటారు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో!

“పదకొండింటికి భూకంపాల ల్యాబ్ నుంచి సునామీ హెచ్చరిక కేంద్రానికి ఒక ఫైల్ వెళ్తుంది. అండమాన్ దగ్గర సముద్రం అడుగున ఒక భూఫలకం ఇంకోదాని కిందికి దూరుతోంది. ఎంత వాలుగా దూరుతోందో చెప్పే మోడల్ అది. ఇక మీద అక్కడ భూకంపమొస్తే మన తీరానికి ఎంత అల వస్తుందో దాన్ని బట్టే లెక్క కడతారు.”

“మార్చేశారా?”

“మార్చారనే కబురు. వాలు తప్పైతే తాటిచెట్టంత అలని మోకాల్లోతు అంటుంది. సైరన్ మోగదు. మన సిస్టం ఒక్కసారి అలా తప్పితే చాలు, తమది అమ్ముకోవచ్చని ఒక విదేశీ ముఠా కాచుకు కూర్చుంది.”

రెండువేల నాలుగులో హేమసుందర్ తండ్రి ఒడ్డున వల సర్దుకుంటూనే సునామీ అలలో పోయాడు. అప్పట్లో సైరన్ లేదు. తల్లి గంగారత్నం ఇప్పటికీ గిలకలదిండిలో చేపలు అమ్ముతోంది. తమ్ముడు రోజూ వేటకి వెళ్తాడు.

“ఆ ఫైల్ ముట్టుకోగలిగింది ఇద్దరే. డైరెక్టర్ అచ్యుతరామారావు గారు, సైంటిస్ట్ పద్మశ్రీ. కబురిచ్చింది పద్మశ్రీయే. ముఠాలో మన మనిషి. లేదా మనలో ముఠా మనిషి. నమ్మకు.”

“డైరెక్టర్ గారిని?”

“నన్ను కూడా నమ్మకు. ఆ టీ మాత్రం తాగొచ్చు.”

వారం రోజులుగా హేమసుందర్ ఏసీ మెకానిక్ వేషంలో ఉన్నాడు. ఆటోనగర్‌లోనే వెంకటప్పయ్య మేస్త్రీ షెడ్డులో గ్యాస్ నింపడం నేర్చుకున్నాడు, తిట్లూ తిన్నాడు. పక్క షెడ్డు ల్యాబ్ వాళ్ళదే. పరికరాలు బాగుచేసేది అక్కడే కాబట్టి భూకంపాల సెన్సార్ ఒకటి అక్కడే పాతారు. తమ సుత్తి దెబ్బలకి అది రోజంతా వణుకుతుందని మేస్త్రీకి ఒకటే నవ్వు.

పదీ నలభైకి ల్యాబ్‌లో స్టూలెక్కి ఏసీ మూత విప్పాడు. పద్మశ్రీ వచ్చింది. నెమలికంఠం రంగు చీర, నల్ల కళ్ళద్దాలు, గదంతా పెర్ఫ్యూమ్. ఇంత అందంగా తయారైన మనిషిని అతను ఉద్యోగధర్మంగా అనుమానిస్తాడు.

ఆమె అతని పనిముట్ల సంచిలో పెన్‌డ్రైవ్ జారవిడిచింది. “ఇదండీ అసలు ఫైల్. సర్వర్‌లోది దొంగది. డైరెక్టర్ గారే మార్చారు.”

“ఆ మాటే ఆవిడ గురించి నేను చెబుదామనుకున్నానయ్యా.” తలుపు దగ్గర అచ్యుతరామారావు. నెరిసిన జుట్టు, ఖద్దరు చొక్కా, చల్లని గొంతు. “మీ డిపార్ట్‌మెంట్ నుంచి ఎవరో ఒకరు వస్తారని తెలుసు. సర్వర్‌లోదే అసలు. తేల్చుకో, పావుగంట ఉంది.”

హేమసుందర్ మల్టీమీటర్ తీశాడు. చూడ్డానికే మల్టీమీటర్, లోపల కంప్యూటర్. రెండు ఫైళ్ళూ పక్కపక్కన తెరిచాడు. ఒకదాంట్లో వాలు ఏటవాలు, రెండోదాంట్లో నిటారు. ఏది నిజమో అతనికేం తెలుసు?

“తేడా ఎక్కడొచ్చిందండీ?”

“ఒక్క భూకంపం దగ్గర,” అంది పద్మశ్రీ. “పోయిన దసరా నాడు పొద్దున్న పదకొండున్నరకి అండమాన్‌లో వచ్చింది.”

“ఔను,” అన్నాడు డైరెక్టర్.

ఫలకాల సంగతి హేమసుందర్‌కి తెలియదు. ఆటోనగర్ సంగతి తెలుసు. ఆ రోజు ఆటోనగర్ సెన్సార్ రికార్డు రెండింట్లోనూ తీశాడు. పెన్‌డ్రైవ్‌లో పొద్దుటి నుంచీ గీత సాఫీగా ఉంది. పదీ పదికి గుమ్మడికాయ పగలగొట్టినట్టు ఒక్క చిన్న కుదుపు, ఆ తర్వాత పదకొండున్నర దాటాక భూకంపమే. సర్వర్ ఫైల్‌లో తొమ్మిది నుంచీ సుత్తి దెబ్బలే దెబ్బలు. ఒంటిగంటకి భోజనాల విరామం కూడా ఉంది!

“దసరా నాడు ఆటోనగర్‌లో సుత్తి ఎవరు పట్టారండీ?”

“పనిచేసుకునేవాళ్ళు ఉండరటయ్యా?”

“ఆ రోజు పనిముట్లకి పూజ. ముట్టుకుంటే మా మేస్త్రీ వేళ్ళు విరగ్గొడతాడు. మీ ముఠా వాళ్ళు భూకంపం గీత మార్చి, అది అసలుదిలా కనపడాలని ఇంకోరోజు చప్పుడు తెచ్చి అతికించారు. వాళ్ళకి తెలీదు సరే, బెజవాడలో పుట్టిన మీకు తెలియొద్దా?”

డైరెక్టర్ చెయ్యి కీబోర్డు మీద పడింది. అప్‌లోడ్ మొదలైంది. అరవై... ఎనభై... తొంభై ఏడు. హేమసుందర్ స్టూలు మీంచి దూకి యూపీఎస్ బ్రేకర్ లాగేశాడు. స్క్రీన్ నల్లబడింది. అచ్యుతరామారావు వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో పెద్దబ్బాయి మనుషులు నిలబడి ఉన్నారు.

బ్రేకర్ మళ్ళీ వేసి అసలు ఫైల్ పంపేసరికి గంట పదకొండు. పద్మశ్రీ కళ్ళద్దాలు తీసింది. నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అనుమానించినందుకు హేమసుందర్‌కి సిగ్గేసింది.

ఫోన్ మోగింది. అమ్మ.

“తమ్ముడు రేపు వేటకెళ్తానంటున్నాడురా.”

“వెళ్ళనియ్యమ్మా. ఏదన్నా వస్తే సైరన్ మోగుద్ది.”

“ఏసీలు బాగుచేసుకునేవోడివి, నీకేం తెలుసురా సైరన్ల సంగతి? అయ్యన్నీ చదువుకున్న పెద్దమనుషులు చూసుకుంటార్లే!”

“అంతేనమ్మా,” అన్నాడు హేమసుందర్. కిటికీలోంచి చూస్తే చదువుకున్న పెద్దమనిషి జీపెక్కుతున్నాడు.