ఎకో గదిలో కూనిరాగం

ఆ స్టూడియో చివరనున్న ఎకో గదికి చెడ్డపేరుంది. నాలుగు బోసి గోడలు, ఒక స్పీకరు, ఒక మైకు — అంతే. బయట పాడిన పాటను ఆ గదిలోకి వదిలి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని పట్టి పాటకు కలిపేవారు. చీకటి పడ్డాక మాత్రం, ఎవరూ పాడకపోయినా, ఆ మైకులో ఓ ఆడగొంతు వినిపిస్తుందని చెప్పుకునేవారు.

బాణీల మాస్టారు అవన్నీ నవ్వి కొట్టిపారేసేవాడు... ఆ రాత్రి దాకా.

ఆయన పాట పాడుకోని ఇల్లు లేదు. కానీ అందులో ఒక్క బాణీ కూడా ఆయనది కాదు. వంటింట్లో భార్య అంట్లు తోముతూ తీసే కూనిరాగాలను, ముందుగదిలో కూర్చుని హార్మోనియం మీదికి ఎక్కించుకునేవాడు, మహానుభావుడు. ఇప్పుడామె పోయింది. తెల్లారితే రికార్డింగు. చేతిలో బాణీ లేదు. ఇన్నేళ్ల పేరు మంటగలిసిపోతుంది.

అందర్నీ పంపించేసి యంత్రం ముందు కూలబడ్డాడు. ఏదొచ్చినా జారిపోకూడదని టేపు తిప్పి, ఎకో గది మైకు పెంచి, చెవులు రిక్కించాడు.

చాలాసేపు గాలి చప్పుడే.

తర్వాత... సన్నగా... కూనిరాగం.

ఆమెదే. భయం కన్నా ఆశే ఎక్కువ, పాపం. పల్లవి అయింది... చరణం అందుకోబోయి — ఆగిపోయింది.

గదిలోకి వినపడేలా తన ముందున్న మైకు అందుకున్నాడు.

"ఆపకే... నీ కాళ్లు పట్టుకుంటాను."

మళ్లీ గాలి చప్పుడే.

"సరే, ఒప్పుకుంటున్నాను. నా పాటల్లో ఒక్కటీ నాది కాదు. అన్నీ నీవే. ఇంకేం కావాలి?"

చరణం మొదలైంది. వెక్కి వెక్కి ఏడుస్తూ విన్నాడు. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు.

తెల్లారింది. వాద్యగాళ్లతో హాలు నిండిపోయింది. మాస్టారు రాత్రే బాణీ కట్టేశాడనుకుని, రికార్డిస్టు ఆ టేపును వెనక్కి తిప్పి హాలు స్పీకర్లలో పెట్టాడు.

తన గొంతు తనకే వినిపించి మాస్టారు ఉలిక్కిపడి లేచాడు. "...అన్నీ నీవే. ఇంకేం కావాలి?" హాలంతా వినేసింది. పరువు పోతే పోయింది, చరణమైనా దక్కుతుందని ఎదురుచూశాడు. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. రాత్రి విన్నది గుర్తు తెచ్చుకోబోతే ఒక్క స్వరం అందలేదు.

"పాట ఉంది... నేను విన్నాను..." అని గొణిగాడు.

పెద్ద ఫిడేలాయన కళ్లు మూసుకుని తీగల మీద కమాను ఆనించాడు. ఒక్కొక్కరే ఆయనతో కలిశారు. కమాన్లన్నీ ఒక్కలా కదులుతున్నాయి. మాస్టారి చెవిలో మాత్రం... గాలి చప్పుడే.

రికార్డిస్టు కళ్లు తుడుచుకుంటూ వంగి, మెల్లగా అడిగాడు.

"అమ్మగారి గొంతేనా మాస్టారూ... ఎంత బాగుందో."

ఆ పాట ఆమె పేరుతోనే బయటికొచ్చింది. ఊళ్లన్నీ పాడాయి. మాస్టారు బతికినన్నాళ్లూ పాడినవాళ్ల పెదవులకేసి చూస్తూ కూర్చునేవాడట.